వెయ్యి ఇళ్లను తిన్న నూగు

కాన్‌బెరా చలి ఊరు. శీతాకాలం తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుపోతుంది. ఆస్ట్రేలియా రాజధానిగా ఆ ఊరు పెరుగుతున్న కాలంలో, 1968లో, ఒక కాంట్రాక్టరు ఇళ్లకు ఇన్సులేషన్ వేయడం మొదలుపెట్టాడు. వాకిట్లోంచి గొట్టం పైకప్పులోకి ఎక్కేది. మిషను ఊదుతుంటే మెత్తటి నూగు సీలింగ్ మీద దూదిపింజల్లా పరుచుకునేది. ఇల్లు వెచ్చబడేది, పైగా ఆ సరుకుకు నిప్పంటుకోదు. చివరికి ఆ వ్యాపారానికి 'మిస్టర్ ఫ్లఫీ' అన్న పేరే నిలిచిపోయింది.

ఆ నూగు ఆస్‌బెస్టాస్. మన ఇళ్ల మీది రేకుల్లోనైతే దాన్ని సిమెంటు పట్టి ఉంచుతుంది. ఇక్కడ పట్టి ఉంచేదేమీ లేదు, కదిలిస్తే చాలు లేచేది. ఊపిరితిత్తుల్లోకి దిగిన పోగు దశాబ్దాల తర్వాత కేన్సరై పైకి రావచ్చు. తెలియక జరిగిందనడానికీ లేదు. ఈ పని మాన్పించాలని 1968లోనే ఆరోగ్య శాఖ నిపుణుడు రాసి ఇచ్చారు. ఎవరూ చెవిన పెట్టలేదు. 1979 దాకా గొట్టం ఇంటింటికీ తిరుగుతూనే ఉంది.

1980ల చివర్లో గానీ ప్రభుత్వం కదల్లేదు. పనివాళ్లు ముసుగులు వేసుకుని పైకప్పులు విప్పి, నూగు పీల్చి తీశారు. మిగిలిన దుమ్ము లేవకుండా జిగురు చల్లారు. 1993కల్లా పని ముగిసిందన్నారు, ఇంటివారికి సర్టిఫికెట్లు ఇచ్చారు. ఆ కాగితాన్ని నమ్మి జనం ఇళ్లు కొన్నారు, అమ్మారు, పిల్లల్ని పెంచారు. గోడల సందుల్లోకి జారిన నూగు అలాగే ఉండిపోయింది.

2013లో డౌనర్ అనే పేటలో, పాత లెక్కలో తప్పిపోయిన ఒక ఇంటిని పరీక్షించారు. దాని స్థితి చూశాక, శుభ్రమైందనుకున్న ఇళ్ల మీదా అనుమానం మొదలైంది. 2014లో యజమానులకు ఉత్తరాలు వెళ్లాయి. కొన్ని ఇళ్లలో పోగులు బట్టల బీరువాల దాకా వచ్చేశాయి. పరుపులు, పుస్తకాలు, పిల్లల బొమ్మలు ఉన్నచోటే వదిలి బయటికి నడిచిన కుటుంబాలున్నాయి.

అదే ఏడాది అక్టోబరులో నిర్ణయం వెలువడింది. వెయ్యికి పైగా ఇళ్లను స్థానిక ప్రభుత్వమే కొని కూల్చేయాలి. అందుకు కేంద్రం 100 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. కూల్చాక కింది మట్టి కూడా తవ్వి తీసుకెళ్లారు. స్థలం తిరిగి కొనుక్కునే మొదటి హక్కు పాత యజమానికే ఇచ్చారు. ధర మాత్రం మార్కెట్ ధర, అందరికీ అందేది కాదు.

కాంట్రాక్టరు వ్యాపారం ఎప్పుడో మూతపడింది. బిల్లు ప్రజలు కట్టారు. 1968లో ఆ సలహా ఒక్కటి విని ఉంటే, ఆ ఇళ్లలో చాలా వాటికి కూలే గతి పట్టేది కాదు.