అందరికీ ‘ప్రేమ్ నగర్’ ఒక్కటే గుర్తుంటుంది

మేముండేది ఫిల్మ్ నగర్‌లో. ఇక్కడ శుక్రవారం వచ్చిందంటే పాలబ్బాయి దగ్గర్నుంచి ఇస్త్రీ బండి ఆయన దాకా అందరిదీ ఒకటే మాట: "టాక్ ఏంటి?" పెళ్ళై ఈ ఇంటికొచ్చి 23 ఏళ్ళు. ఏ సినిమా ఆడుతుందో గురువారం రాత్రే చెప్పేసేవాళ్ళను ఇన్నేళ్ళలో చాలామందిని చూశాను. నిజంగా తెలిసినవాళ్ళను మాత్రం చూడలేదు.

ఈ మధ్య మా ఇంట్లోనూ ఇలాంటి టాకే మొదలైంది, కాకపోతే షేర్ల గురించి. అమ్మ పోయాక పుట్టింటి పొలం అమ్మితే నా వాటాకు 6 లక్షలు వచ్చాయి. నా పేరున, నా చేతికి ఇంత డబ్బు రావడం ఇదే మొదటిసారి. 4 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాను. మిగతా రెండూ షేర్లలో పెడదామంటే, డిగ్రీ చదివే మా అబ్బాయి ఫోన్ తీసి నాలుగు కంపెనీలు చూపించాడు. "ఇవే ఎందుకురా?" అంటే, "ఏమో అమ్మా, పెరిగేలా ఉన్నాయి" అన్నాడు. ఇండెక్స్ ఫండ్ సంగతి ఎత్తేసరికి మొహం చిట్లించి, "అలా భయపడుతూ కూర్చుంటే రామానాయుడు గారు స్టూడియో కట్టేవారా?" అన్నాడు.

వాడు వెటకారానికే అన్నా, మంచి ప్రశ్నే. జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్ళాలి.

కారంచేడు నుంచి మద్రాసు వెళ్ళిన డి. రామానాయుడు గారు 1964లో ‘రాముడు భీముడు’తో సురేష్ ప్రొడక్షన్స్ మొదలుపెట్టారు. అది పెద్ద హిట్. తర్వాత కొన్ని ఆడాయి, కొన్ని పోయాయి, చేతిలో డబ్బు కరిగిపోయింది. 1971లో కోడూరి కౌసల్యాదేవి గారి నవల తీసుకుని, అక్కినేని, వాణిశ్రీలతో ‘ప్రేమ్ నగర్’ తీశారు. ఇది పోతే ఇక ఊరెళ్ళి వ్యవసాయం చేసుకోవడమే అనుకున్నారని చెబుతారు. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ఇవాళ మన ఫిల్మ్ నగర్‌లో ఆయన పేరున స్టూడియో ఉంది.

మా అబ్బాయికి తెలిసిన కథ ఇంతవరకే. కానీ అలాగే ఉన్నదంతా ఒక్క సినిమా మీద పెట్టి, ఆ సినిమా పోయి, నిజంగానే ఊరెళ్ళిపోయిన నిర్మాతల పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా? వాళ్ళ పేరున స్టూడియోలు లేవు కాబట్టి వాళ్ళ కథలు మన దాకా రావు. గెలిచినవాళ్ళను మాత్రమే చూసి లెక్క వేస్తే జూదం కూడా తెలివిలాగే కనిపిస్తుంది.

పైగా, ‘ప్రేమ్ నగర్’ తర్వాత రామానాయుడు గారు ఏం చేశారో చూడండి. మళ్ళీ ఒక్కదాని మీదే కూర్చోలేదు. తెలుగుతో ఆగకుండా ఎన్నో భాషల్లో సినిమాలు తీసి, వందకు పైగా నిర్మించి గిన్నిస్ రికార్డుకెక్కారు. స్టూడియో, డిస్ట్రిబ్యూషన్, థియేటర్లు అన్నీ పెట్టుకున్నారు. స్టూడియో ఫ్లోర్‌కు అద్దె వచ్చేది అందులో తీసిన సినిమా ఆడితేనే కాదు, ఎవరి సినిమా అయినా వస్తుంది. ‘ప్రేమ్ నగర్’ హీరో అక్కినేని గారూ అంతే. 1976లో భార్య పేరున అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు.

చిత్రమేమిటంటే అదే 1976లో, అమెరికాలో జాన్ బోగుల్ అనే ఆయన మామూలు మనుషుల కోసం మొదటి ఇండెక్స్ ఫండ్ తెచ్చాడు. 15 కోట్ల డాలర్లు వస్తాయనుకుంటే కోటి 13 లక్షలే వచ్చాయి. ‘బోగుల్ పిచ్చిపని’ అని నవ్వారు. ఆయన చెప్పింది చాలా మామూలు మాట: ఏ కంపెనీ గెలుస్తుందో వెతకడం మానేసి, పెద్ద కంపెనీలన్నిటిలోనూ తలా కాస్త కొనేయండి అని. మన దగ్గర సెన్సెక్స్ అంటే అలాంటి 30 కంపెనీలు, నిఫ్టీ అంటే 50. పెద్ద కంపెనీకి పెద్ద వాటా, చిన్నదానికి చిన్న వాటా. ఏదైనా పడిపోతే జాబితాలోంచి తీసేసి ఇంకోదాన్ని పెడతారు. ఇండెక్స్ ఫండ్ ఆ జాబితానే కొంటుంది. కంపెనీలను ఎంచడానికి పేరున్న మేనేజర్‌కు పెద్ద జీతం ఇవ్వక్కర్లేదు గనక ఖర్చు తక్కువ. హీరో పారితోషికం లేని సినిమా అనుకోండి.

ఇది చెబితే మా వాడు ఇంకో బాణం వేశాడు. "కళ్ళు మూసుకుని ఎంచినా నిపుణులతో సమానంగా వస్తాయట కదమ్మా!" అదీ నిజమే. బర్టన్ మాల్కీల్ అనే ప్రొఫెసర్ 1973లోనే, కళ్ళకు గంతలు కట్టిన కోతి పేపర్ మీదికి బాణాలు విసిరి ఎంచినా నిపుణుల ఎంపికకు తీసిపోదని రాశాడు. వాల్ స్ట్రీట్ జర్నల్ 1988 నుంచి ఆ పోటీ నిజంగానే పెట్టింది. మొదటి 100 పోటీల్లో నిపుణులు బాణాల మీద 61సార్లు గెలిచారు. కానీ మార్కెట్ సగటుతో పోలిస్తే 100లో 51సార్లే, అంటే దాదాపు బొమ్మా బొరుసూ.

మరి బాణాలే విసరొచ్చుగా? ఇక్కడే ఉంది అసలు సంగతి. హెండ్రిక్ బెసెంబైండర్ అనే ఆయన 1926 నుంచి 2016 దాకా అమెరికా షేర్లన్నీ లెక్కేశాడు. మార్కెట్ మొత్తం కలిపి ప్రభుత్వ బాండ్ల కంటే అదనంగా సంపాదించిందంతా సుమారు 4 శాతం కంపెనీల పుణ్యమే. సగానికి పైగా షేర్లు ఆ బాండ్ల పాటి రాబడి కూడా ఇవ్వలేదు. మన సినిమాల్లాగే అన్నమాట. ఏడాదికి నాలుగు బ్లాక్‌బస్టర్లు వస్తే సగటు గొప్పగా కనిపిస్తుంది. కానీ నువ్వు డబ్బు పెట్టిన సినిమా అందులో ఉందా అన్నది వేరే సంగతి. నాలుగు కంపెనీలు చీటీలు తీసి ఎంచితే ఆ కొద్దిపాటి హిట్లూ చేతికి తగలకపోవడానికే అవకాశం ఎక్కువ. అన్నీ కొన్నవాళ్ళకు ఫ్లాపులు ఎలాగూ ఉంటాయి, హిట్లు కూడా తప్పకుండా ఉంటాయి.

అమెరికా దాకా ఎందుకు, మన హైదరాబాద్‌లోనే చూశాం. 1987లో ఇక్కడ పుట్టిన సత్యం కంప్యూటర్స్‌లో 50 వేలకు పైగా ఉద్యోగులుండేవారు. న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో లిస్టయింది, సెన్సెక్స్‌లోనూ నిఫ్టీలోనూ ఉంది. 2008 సెప్టెంబరులో మంచి పాలనకు అవార్డు కూడా అందుకుంది. అది బాణం విసిరి ఎంచే షేరు కాదు, ‘మనవాళ్ళ కంపెనీ’ అని నమ్మకంతో కొనే షేరు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఆయనే ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు సాయంత్రానికి 40 రూపాయల దగ్గర ఆగింది. నాలుగింట మూడు వంతుల పైనే ఒక్కరోజులో పోయింది.

ఇండెక్స్ ఫండ్ ఉన్నవాళ్ళ దగ్గరా సత్యం ఉంది. కానీ వంద రూపాయల్లో దాని వాటా రెండు రూపాయలనుకోండి, పోయేది రూపాయిన్నర. కొద్దిరోజుల్లోనే రెండు సూచీలూ సత్యాన్ని తీసేసి వేరే కంపెనీలను పెట్టాయి. ఇంట్లో ఎవరూ రాత్రంతా మేలుకుని "అమ్మాలా, ఉంచాలా" అని కొట్టుకోనక్కర్లేదు.

అలాగని ఇండెక్స్‌కు దెబ్బ తగలదని కాదు. ఆ ఒక్కరోజే సెన్సెక్స్ 7 శాతానికి పైగా పడింది. అంతకుముందు 2008 జనవరిలో 21 వేలు తాకింది, అక్టోబరుకల్లా 8 వేల కిందికి జారింది. మార్కెట్ మొత్తం పడితే ఇండెక్సూ పడుతుంది. కాపాడేది ఒక్క కంపెనీ మునిగితే మనమూ మునిగిపోకుండా మాత్రమే. అందుకే వచ్చే ఏడాది ఫీజులకో, పెళ్ళికో కావాల్సిన డబ్బు అందులో పెట్టకూడదు.

చివరికి మేమేం చేశామంటారా? 2 లక్షల్లో 10 వేలు మా అబ్బాయికిచ్చి, వాడి నాలుగు కంపెనీలూ కొనుక్కోమన్నాను. మిగతాది నెలకు 10 వేల చొప్పున ఇండెక్స్ ఫండ్‌లోకి వెళ్తోంది. రెండు లెక్కలూ వంటింటి క్యాలెండర్ వెనక రాస్తున్నాం. వాడివి పెరిగితే సంతోషమే, వాడితో గొడవేం లేదు. కానీ ఆ 10 వేలూ పోయినా మా ఇంట్లో పొయ్యి ఆరదు.

అమ్మ ఆ పొలంలో ఏనాడూ ఒక్క పంటనే నమ్ముకోలేదు. మడిలో వరి, గట్టు మీద కంది, దిబ్బ మీద సొరపాదు. ఏ ఏడు ఏది కాస్తుందో తనకూ తెలిసేది కాదు. ఏదీ లేక ఇంట్లో పస్తున్న రోజు మాత్రం నాకు గుర్తు లేదు.