కలెక్టరాఫీసు ఎక్కడుండాలో ఎవరు చెప్పాలి? (7వ భాగం)

మా మేనత్తది కూనవరం దగ్గర ఊరు. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. ఆమె ఇల్లు అక్కడే ఉంది, జిల్లా మాత్రం 2022 నాటికే మూడుసార్లు మారింది. కాకినాడ, ఖమ్మం, మళ్ళీ కాకినాడ, ఆ తర్వాత పాడేరు. కాయితం పని పడితే ఆమె అడిగే మొదటి మాట ఒకటే: "ఇప్పుడు మన కలెక్టరు ఏ ఊళ్ళో ఉంటుండు అల్లుడా?"

నవ్వుకునే మాట కాదిది. ఈ అడవి చరిత్రంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

తెల్లదొరల కాలంలో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు సిరోంచ కేంద్రంగా ఉన్న అప్పర్ గోదావరి జిల్లాలో ఉండేవి. 1874లో వాటిని మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు ఇచ్చేశారు. ఖమ్మం జిల్లా పుట్టింది 1953లో, వరంగల్ నుంచి విడగొడితే. భద్రాచలం, నూగూరు తాలూకాలు దాంట్లో కలిసింది 1959లో. కోయోళ్ళనో, మాల మాదిగ వాడలనో ఎవరైనా అడిగారా? అడగాలని ఏ చట్టమూ చెప్పలేదు.

మరి 1974లో వచ్చిన జిల్లాల ఏర్పాటు చట్టం ఏం చెప్పింది? జిల్లాలు, డివిజన్లు, మండలాలు గీసే అధికారం ప్రభుత్వానిదే. తుది నోటిఫికేషన్ కంటే ముందు ముసాయిదా ప్రకటించాలి, జనం అభ్యంతరాలు తీసుకోవాలి, వాటిని పరిశీలించాలి. అంతే. పరిశీలించాలి గానీ ఒప్పుకోవాలని లేదు. గడువు 30 రోజులు. అభ్యంతరం రాయాలంటే ముందు గెజిట్ చూడాలి. మన వాడకు గెజిట్ ఎప్పుడొచ్చింది చెప్పండి?

కోర్టుకు పోదామా? పోయినోళ్ళున్నారు. ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టినప్పుడు, మండల కేంద్రం మా ఊళ్ళో అంటే మా ఊళ్ళో అని హైకోర్టులో కేసుల మీద కేసులు పడ్డాయి. జనాభా, రాకపోకలు చూసి కేంద్రం పెట్టాలని ప్రభుత్వమే మార్గదర్శకాలు రాసుకుంది, వాటినే పాటించలేదన్నది జనం వాదన. 1988లో జె.ఆర్. రఘుపతి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: ఆ మార్గదర్శకాలకు చట్టబలం లేదు, కేంద్రం ఎక్కడుండాలన్నది ప్రభుత్వం చూసుకునే పని, హైకోర్టు తన నిర్ణయాన్ని దాని స్థానంలో పెట్టకూడదు. న్యాయశాస్త్రం ప్రకారం దాంట్లో తర్కం ఉంది, కాదనను. ఊరూరికీ తగువు తీర్చడం జడ్జీల పని కాదు. కానీ అప్పుడు ఆ తగువు ఎవరి దగ్గర చెప్పుకోవాలి?

అమెరికాలోని టెక్సాస్‌లో కౌంటీ కేంద్రం మార్చాలంటే జనం ఓటెయ్యాలి. కౌంటీ నడిబొడ్డున ఉన్నదాన్ని కదిలించాలంటే మూడింట రెండొంతుల ఓట్లు పడాలి. మనకు పెసా చట్టం 1996లో వచ్చింది. ఏజెన్సీలో భూసేకరణకు ముందు గ్రామసభనో, పంచాయతీనో సంప్రదించమంది. కలెక్టరాఫీసు సంగతి ఎత్తలేదు.

2014 మే 29న పోలవరం ముంపు పేరుతో ఆర్డినెన్స్ వచ్చింది. రాష్ట్రం విడిపోవడానికి నాలుగు రోజుల ముందు. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా, భద్రాచలం, బూర్గంపహాడ్ మండలాల్లో కొంత ఆంధ్రకు పోయాయి. భద్రాచలం రెవెన్యూ గ్రామాన్ని మాత్రం తెలంగాణలో ఉంచారు. అంటే ఊరు ఇటు, ఊరి చుట్టూ పల్లెలు అటు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లా వచ్చింది. పేరు భద్రాద్రిది, ఆఫీసు కొత్తగూడెంలో. 2022 ఏప్రిల్ 4న అటువైపు కూడా గీతలు మారాయి. కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాకు, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, ఎటపాక అల్లూరి సీతారామరాజు జిల్లాకు. ఆ జిల్లాకు కేంద్రం పాడేరు.

ఎటపాక నుంచి భద్రాచలం నడిచిపోయేంత దూరం. జ్వరమొస్తే భద్రాచలమే, సరుకులకూ భద్రాచలమే. కలెక్టరు సంతకం కావాలంటే మాత్రం సీలేరు, చింతపల్లి ఘాట్లు దాటి పాడేరు పోవాల్సొచ్చింది. మా అత్త ఒకసారి బయల్దేరి, చింతూరులో బస్సు దొరక్క వెనక్కొచ్చేసింది.