ఆటగాని వెల, ఆటగాని విలువ

మా కొల్లేటి ప్రాంతంలో పాట అన్నప్పుడు మొదట స్ఫురించేది సంగీతం కాదు. చెరువు పాట, రేవు పాట, సంత పాట. యెవడు హెచ్చు పాడితే వస్తువు వానిది. ఆ మాట యిప్పుడు మనిషికి కూడా వర్తించింది. 2022 ఆగస్టులో ముంబయిలో ప్రొ కబడ్డీ పాట జరిగినప్పుడు, 500 మందికి పైబడిన జాబితాలో 24 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను చేర్చారు. వారు బెంగుళూరులో జరిగిన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలలో అగ్రస్థానాలు పొందిన రెండు జట్లవారు. చదువు ముగియని యువకుడు రేపు యెంతటి ఆటగాడు కాగలడో యీనాడే లెక్కగట్టి, ఆ లెక్క మీద సొమ్ము ఒడ్డే పద్ధతి దీనితో మన కళాశాలల గుమ్మం దాకా వచ్చింది.

తెలుగు పాఠం చెప్పుకొనేవానికి యీ లెక్కలతో పనేమిటని యెవరైనా అడగవచ్చు. కబడ్డీని మా ఆకివీడు చుట్టుపట్ల చెడుగుడు అంటారు. కోతలై కుప్పలు లేచిన చేలలో, బంతి కొనే స్తోమతు కూడా అక్కరలేకుండా ఆడుకొనే ఆట అది. అలా ఆడినవారి బిడ్డలే కళాశాలలో నా యెదుట కూర్చుంటున్నారు. వారి వెలను యెవరు, యే కొలతతో నిర్ణయిస్తున్నారన్నది సంస్కృతికి సంబంధించిన ప్రశ్నే. చరిత్రలో పెట్టి చూస్తేగాని అది తేలదు.

మొదటి ఘట్టం ప్రభువుల ఆదరణ. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన సి. కె. నాయుడుగారిని 1923లో ఇండోరు హోల్కరు ప్రభువు పిలిపించి తన సైన్యంలో కాప్టెన్ హోదా యిచ్చాడు. ఆ నాయుడుగారే 1932లో భారత జట్టు ఆడిన తొలి టెస్టుకు నాయకుడయ్యాడు. ప్రభువు కన్ను మంచిదే కావచ్చు. కాని ఆ కంట పడనివాని సంగతి యేమిటి? ఆదరణ హక్కు కాదు, దయ. దయకు నియమం వుండదు.

రెండవ ఘట్టం ఉద్యోగం. దీనికి హైదరాబాదును మించిన ఉదాహరణ లేదు. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950లో హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం పొందింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. రహీం కుర్రవాళ్లను చూచిన తీరు గమనించదగ్గది. బంతిని తానొక్కడే కాళ్ల మధ్య దొర్లించుకుపోరాదనే నియమంతో ఆయన పోటీలు పెట్టేవాడు. తోటివానికి బంతి యెప్పుడు, యెక్కడ అందించాలో తెలిసినవాడెవడో అందులో బయటపడేది. అంటే ఆయన పరీక్ష పాఠం కూడా అయింది. యెంపికైనవానికి నెలజీతం వుండేది. ఆట ఆగిపోయినా ఉద్యోగం ఆగేది కాదు. యీ పద్ధతిలో సిఫారసులు లేవని, పక్షపాతం లేదని నేననను. కాని ఆటగానికి ముప్పయ్యేళ్ల తరువాత కూడా బ్రతుకు వుంటుందన్న గుర్తింపు అందులో వున్నది.

మూడవ ఘట్టం విపణి. దీని స్వరూపం అమెరికా బాస్కెట్‌బాల్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 1947 నుంచి అక్కడి యజమానులు కళాశాల ఆటగాళ్లను వంతుల చొప్పున యెంచుకొంటున్నారు. వెనుకబడిన జట్టుకు ముందు వంతు అన్నది ఆ పద్ధతికి మూలసూత్రం. వినడానికి న్యాయంగానే వుంటుంది. కాని ఆ సమానత్వం యజమానుల మధ్యదే. యే వూరికి పోయి యెవరికి ఆడాలో ఆటగాణ్ణి యెవరూ అడగరు. కళాశాలలో చేరవలసిన కాలం నుంచి 4 యేళ్లు గడవనిదే పనిలోకి రాకూడదన్న నిబంధన కూడా అప్పట్లో వుండేది. స్పెన్సర్ హేవుడ్ అనే యువకుడు న్యాయస్థానానికెక్కి, 1971లో సుప్రీంకోర్టు దాకా పోయి నెగ్గిన మీదటే ఆ సంకెల సడలింది.

యింత కొలిచి యెన్నుకొన్నది తప్పకుండా నిజమవుతుందా? 1984లో పోర్ట్‌లండ్ జట్టు తన రెండవ వంతులో శామ్ బౌవీని తీసుకొన్నది. మూడవ వంతులో షికాగోకు మైకేల్ జోర్డాన్ దక్కాడు. పోర్ట్‌లండ్‌కు కావలసింది పొడగరి, పొడగరినే చూచింది. కాలి గాయాలు బౌవీని క్రుంగదీశాయి. కొలబద్ద ఆటగాణ్ణి కొలిచినట్టు కనిపిస్తుంది గాని, నిజానికి అది కొనేవాని అవసరాన్ని కొలుస్తుంది. పంజాబు పల్లెలో పుట్టిన సత్నాం సింగ్‌ను 2015లో డల్లాస్ జట్టు 52వవానిగా యెన్నుకొన్నప్పుడు దేశమంతా సంతోషించింది. ఆ అగ్రశ్రేణి పోటీలో ఒక్క ఆటైనా ఆడే అవకాశం అతనికి రాలేదు.

యిక మన పాట. 2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పుడు అత్యధిక ధర రాకేశ్ కుమార్‌కు పలికిన 12.80 లక్షల రూపాయలు. 2023లో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకొన్నది. 9 యేళ్లలో 20 రెట్లు! తరతరాలుగా గుక్కెడు మజ్జిగకు ఆడినవారి చేతికి డబ్బు వచ్చిందంటే దాన్ని తక్కువ చేయనక్కరలేదు. కాని ఆ పవన్‌నే 2022లో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు కొంటే, తొలి ఆటలోనే మోకాలు దెబ్బతిని అతడు ఆ యేడంతా ఆడలేకపోయాడు. మరుసటి యేడు అతడు చేరిన టైటన్స్ 12 జట్లలో చిట్టచివర నిలిచింది. యిందులో ఆటగాని లోపమేమీ లేదు. కూతకు పోయినవాడు తెచ్చిన పాయింట్లు లెక్కకు అందుతాయి; చేయీ చేయీ కలిపి పట్టు పట్టినవాళ్ల పొందిక లెక్కకు అందదు. యేడుగురి ఆటకు ఒక్కని వెల జామీను కాలేదు.

యింతకూ అసలు ప్రశ్న కొనబడినవానిది కాదు, కొనబడనివానిది. మా చెరువుల దగ్గర చేపను సైజు చూచి వేరుచేసి తూకం వేస్తారు. చేపకు రేపు లేదు; పందొమ్మిదేళ్లవానికి వున్నది. ఆటకోసం తరగతి మానినవాడు, మోకాలు పోగొట్టుకొన్నవాడు, పాటలో పేరు పిలిచినా యెవరూ నోరు మెదపక మిగిలిపోయినవాడు తిరిగి వచ్చేది మా కళాశాలలకే, మా వూళ్లకే. వాని యెడల ప్రభువుకు బాధ్యత లేకపోయింది. విపణికి అంతకన్నా లేదు.

కాబట్టి కళాశాలలు తమ ఆటగాళ్లలో యెందరు పాటలోకి యెక్కారని చాటుకొనడం కాదు చేయవలసింది. గాయానికి వైద్యం, తప్పిన పాఠాలకు మళ్లీ బోధన, ఆట ముగిసినాక నిలబడే చదువు: యీ మూడూ ఆటగానికి హక్కుగా దక్కాలి. రైల్వేలు, పోలీసు శాఖలు క్రీడాకారులకిచ్చే ఉద్యోగాలను దయాధర్మంగా గాక ఆ హక్కులో భాగంగానే చూడాలి. రహీం పంతులు పద్ధతిలో మనం మళ్లీ నేర్చుకోవలసింది కూడా యిదే. ఆయన పరీక్షకు నిలబడినవాడు యెంపిక కాకపోయినా, వచ్చినప్పటికంటె మెరుగైన ఆటగాడై వెళ్లేవాడు. యువకుని తూచే యే త్రాసునైనా మనం తూచవలసింది ఆ రాయితోనే.