యవలు: జావ నుంచి మత్తుమందు దాకా

ఎండాకాలం మూత్రం మంటగా వస్తుంటే మన ఇళ్ళలో మొదట గుర్తొచ్చేవి బార్లీ నీళ్ళు. గుప్పెడు గింజలు మెత్తగా ఉడికించి, వడకట్టి, చిటికెడు ఉప్పు, నిమ్మరసమో మజ్జిగో కలిపి తాగిస్తారు. మన తెలుగు నేలలో పెద్దగా పండని ఈ ధాన్యానికి, అంటే యవలకు, వైద్యంలో వేల ఏళ్ళ చరిత్ర ఉంది.

గలిలీ సరస్సు ఒడ్డున ఒహాలోలో సుమారు 23 వేల ఏళ్ళ కిందటి మనుషులు అడవి బార్లీని ఏరుకుని తిన్నారు. పశ్చిమాసియాలో సాగు మొదలైంది దాదాపు 10 వేల ఏళ్ళ కిందట. మన ఉపఖండంలో, బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తొలి రైతుల ప్రధాన పంట యవలే.

ప్రాచీన ఈజిప్టు వైద్యులు ఈ గింజలతో గర్భాన్ని నిర్ధారించేవారు. స్త్రీ మూత్రంతో రోజూ తడిపిన గోధుమలో, బార్లీయో మొలకెత్తితే గర్భం ఉన్నట్టు. 1963లో పరిశోధకులు ఆ పద్ధతిని పరీక్షిస్తే, గర్భిణుల విషయంలో సుమారు 70 శాతం సరిపోయింది. మొలకను బట్టి ఆడో మగో చెప్పడం మాత్రం నిలవలేదు.

గ్రీసులో హిపోక్రటీస్ సంప్రదాయం తీవ్ర జ్వరాలకు బార్లీ జావను ప్రధాన పథ్యంగా పెట్టింది. జబ్బు తీవ్రతను బట్టి వడకట్టిన తేటా, గింజతో కూడిన చిక్కటి జావా వేర్వేరుగా ఇచ్చేవారు. రోగి అరుగుదలను చూసి ఆహారాన్ని నిర్ణయించే ఆ పద్ధతి మన పథ్యానికి ఎంతో దగ్గర.

మన ఆయుర్వేదంలో చరకుడు ప్రమేహ రోగులకు యవలనే ముఖ్యాహారంగా చెప్పాడు. నేటి మధుమేహం ఆ ప్రమేహాల్లో ఒకటి. కఫాన్ని, మేదస్సును తగ్గిస్తాయని యవలతో పేలపిండి, రొట్టె, జావ చేయించేవారు. మొక్కనూ వదల్లేదు. ఎండిన మొక్కను కాల్చి, బూడిదను నీటిలో కలిపి, తేటను మరిగిస్తే యవక్షారం మిగులుతుంది. పొటాషియం లవణాలు ఎక్కువగా ఉండే దీన్ని మూత్రం బిగిస్తే, రాళ్ళు ఏర్పడితే వాడారు. ఇది ఇంట్లో చేసుకునే మందు కాదు, మోతాదు వైద్యుడే చెప్పాలి.

ఈ మొక్కే 20వ శతాబ్దంలో మరో దారి చూపింది. స్వీడన్‌లో బార్లీలోని గ్రామైన్ అనే పదార్థం నిర్మాణాన్ని తేల్చే పనిలో హోల్గర్ ఎర్డ్‌మన్ దానికి దగ్గరి రసాయనాన్ని తయారుచేసి, రుచి చూశాడు. నాలుక మొద్దుబారింది. ఆ ఆధారాన్ని పట్టుకుని సాగిన నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో లిడోకైన్ అనే మత్తుమందును సృష్టించాడు. పన్ను పీకే ముందు ఇచ్చే జైలోకైన్ ఇంజెక్షన్ అదే.

ఇక గింజ సంగతి. బార్లీలోని బీటా గ్లూకాన్ అనే పీచు పేగులో జిగురుగా మారి చక్కెర రక్తంలో చేరే వేగాన్ని తగ్గిస్తుంది, కొలెస్ట్రాల్‌ను దించుతుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ గుండెజబ్బు ముప్పు తగ్గించగలదని బార్లీ పొట్లాలపై రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2006లో అనుమతి ఖాయం చేసింది. ఈ పీచు గింజ లోపలంతా పరుచుకుని ఉంటుంది కనుక, పైపొర తీసిన ముత్యాల బార్లీలోనూ చాలావరకు మిగులుతుంది. అయితే వడకట్టిన నీళ్ళే తాగి గింజ పారేస్తే ఎక్కువ భాగం పోగొట్టుకున్నట్టే. అందుకే మధుమేహం ఉన్నవారు మందులు మానకుండా, తెల్లన్నంలో కొంత తగ్గించి ఉడికించిన బార్లీ తినడం మేలు.

గ్లూటెన్ పడనివారికి బార్లీ పనికిరాదు. కాళ్ళకు నీరు పట్టిన గర్భిణికి బార్లీ నీళ్ళిచ్చి ఊరుకోకూడదు, ముందు రక్తపోటు చూపించాలి. పెద్దలు బార్లీని పథ్యంగా నిలబెట్టారు. పథ్యం వైద్యానికి తోడు, బదులు కాదు.