కాస్ అల్ మలిక్ ముచ్చట

2025 మే నెల 30 నాడు మన జిద్దా టీము ఇత్తిహాద్ ఈ కప్పు గెల్సిందని మీరు రూముల ఎగిరిన ఎగురుడు నాకింకా యాదికున్నది బిడ్డా. బెంజెమా రెండు గోల్లు కొట్టె, ఖాదిసియా మీద 3-1 తోటి గెల్సె, ఆ ఏడు లీగు గూడ వాళ్లదే. సంబురమే. కానీ మీ ముచ్చట బెంజెమా కాడ షురూ అయి బెంజెమా కాడనే ఆగుతున్నది. ఆ కప్పుకు డెబ్బై ఏండ్ల దగ్గరదగ్గర వయసున్నది. దాని వెనకాల ఎవరెవరున్నరో ఈ జిద్దా షరఫియాల ఉండేటోళ్లన్న తెలుసుకోవాలె. ఎందుకంటే మొదట్ల ఆ కప్పు మన దిక్కుదే. జిద్దా, మక్కా, ఈ రెండూర్ల మధ్యనే తిరిగింది.

కాస్ అల్ మలిక్ అంటే రాజుగారి కప్పు. 1957ల షురూ అయింది. అప్పుడు సౌద్ రాజు ఏలుతున్నడు. మొదటి కప్పు ఎవరు గెల్సిన్రో అడిగితే మీరు రియాద్ టీములు హిలాల్ అంటరు, నస్ర్ అంటరు. కాదు. మక్కా టీము వెహదా గెల్సింది. అదిగూడ ఎవరి మీద? మన ఇత్తిహాద్ మీద, నాలుగు గోల్లకు సున్న. ఇత్తిహాద్ 1927ల పుట్టిన టీము, జిద్దా బజార్ల పెద్ద పేరున్న టీము, నాలుగు గోల్లు తిని ఇంటికొచ్చింది. ఆ కోపమో ఏమోగాని తర్వాత 1958, 59, 60 మూడేండ్లు వరుసగ కప్పు వాళ్లే ఎత్తుకున్నరు. 1961ల హిలాల్ గెల్సినంకనే కప్పు మొదటిసారి రియాద్ తొవ్వ పట్టింది.

ఇంకో మాట మీరు తెల్సుకోవాలె. ఇప్పుడున్నట్టు దేశమంత తిరిగి ఆడే లీగు 1976-77 దాక లేనేలేదు. అందుకని ఆ ఇరవై ఏండ్లు ఈ కప్పే అన్నిటికంటె పెద్దది. లీగుల ఇయ్యాల ఓడితే వచ్చే వారం గెల్సి సరిజేసుకోవచ్చు. కప్పుల ఒక్కసారి ఓడితే ఆ ఏటికి కథ ఒడిసినట్టే.

జిద్దాల ఇంకో ఇల్లున్నది గద, ఆకుపచ్చ జెండా, అహ్లీ. 1937ల పుట్టింది. ఆ టీము ఈ కప్పును ఆడినట్టు ఇంకెవరు ఆడలేదు. 1969, 70, 71 వరుసగ మూడు. మల్ల 1977, 78, 79 వరుసగ మూడు. ఇప్పటికి మొత్తం 13 కప్పులు, అందరికంటె ఎక్కువ వాళ్లవే. ఇత్తిహాద్‌వి 2025 గెలుపుతోటి 10. రెండు కలిపితే ఈ ఒక్క ఊరివే 23 కప్పులు. రియాదోళ్లు ఎన్ని కోట్లు పోసి ఎవర్ని తెచ్చినా ఈ లెక్క దాటనీకె ఇంకా టైం వడ్తది.

నేను 1987ల ఒచ్చిన. జగిత్యాల దిక్కు నుంచి బొంబాయి, బొంబాయి నుంచి జిద్దా. అప్పటి షరఫియా ఇంత ఇరుకు లేదు. మలయాళం హోటళ్లు, కార్గో దుకాండ్లు అప్పుడే ఒక్కొక్కటి తెరుస్తున్నరు. నాకు బకాలాల, అంటె కిరాణ దుకాణంల పని. పొద్దుగాల ఖుబ్జ్ రొట్టెల కట్టలు దించుకునుడు, రాత్రి లెక్క అప్పజెప్పుడు. మా కఫీల్, అంటె మా సేటు, పెద్దమనిషి, ఇత్తిహాద్ అంటే పానం. గల్లా వెనకాల పసుపు నలుపు గుడ్డ ఒకటి వేలాడేది. నాకు భాష రాకపోయేది గాని ఆయన మొఖం సూస్తె మ్యాచ్ ఏమైందో తెల్సిపోయేది.

ఇత్తిహాద్‌కు 1967ల గెల్సినంక మల్ల ఆ కప్పు దక్కలే. ఇరవై ఒక్క ఏండ్లు. పక్క ఇంట్ల అహ్లీ ఒకటి తర్వాత ఒకటి మూటగట్టుకుంటుంటె వీళ్లు సూసుకుంట కూసున్నరు. ఒకే ఊర్ల ఒకే బజార్ల ఉండుకుంట గది సూసుడు ఎంత కష్టమో ఆలోచన చెయ్యిన్రి. బకాలాకు అహ్లీ మనిషి పాల డబ్బాకు వచ్చినా ఒక మాట అనకుంట పోయేటోడు కాదు. మా కఫీల్ నవ్వుకుంటనే చిల్లర ఇచ్చేది, ఆయన పోయినంక చాయ్ గ్లాసు గట్టిగ పెట్టేది.

1988ల ఇత్తిహాద్ గెల్సింది. ఆ రాత్రి సిత్తీన్ రోడ్డు మీద కార్లు కదలలే. హారన్లు, జెండాలు, కిటికీల నుంచి బయటికి ఒంగిన పోరగాళ్లు. మా కఫీల్ షట్టర్ సగం దించి, మల్ల ఎత్తి, పెప్సీ పెట్టెలన్ని బయట పెట్టి వచ్చినోనికల్ల ఉత్తగ పంచిండు. పైస తీసుకోవద్దన్నడు. పొద్దున అహ్లీ మనిషి ఒచ్చిండు. ఆయనకు గూడ ఒక సీసా ఇచ్చి భుజం మీద చెయ్యేసిండు. అరబ్బోళ్ల ఆటల పట్టుదల ఎట్లుంటదో, పెద్దమనిషితనం ఎట్లుంటదో రెండూ నేను అప్పుడే సూసిన.

ఆ తర్వాత రెండేండ్లకు, 1990ల నస్ర్ గెల్సింది. దానితోటి కప్పు ఆగిపోయింది. లీగుల పైన నిల్సిన నాలుగు టీములకు ఆఖర్ల సెమీఫైనల్, ఫైనల్ పెట్టి అదే పెద్ద కప్పు అన్నరు. 2008 దాక కాస్ అల్ మలిక్ ఆట లేదు. ఒక తరం పోరగాళ్లు ఆ కప్పు సూడకుంటనే పెద్దోళ్లయిన్రు. నాకది పెద్ద నష్టమే అనిపించింది. ఆ టైంల ఇత్తిహాద్ 2004, 2005 రెండుసార్లు ఆసియా ఛాంపియన్స్ లీగు గెల్సె, అయినా మా కఫీల్ రాజు చేతి నుంచి తీసుకునే కప్పు గురించే అడిగేది. మల్ల 2008ల షురూ చేస్తె, 2008, 2009 రెండేండ్లు ఫైనల్ల రియాద్ టీము షబాబ్ చేతుల ఇత్తిహాదే ఓడింది. 2010ల హిలాల్ మీద పెనాల్టీల్ల గెల్సిన్రు. 1988 నుంచి 2010, ఇరవై రెండేండ్లు.

ఒకనాడు మా కఫీల్ అడిగిండు, మీ దేశంల ఫుట్‌బాల్ ఉన్నదా అని. నాకు అప్పుడు ఛాతి ఉబ్బింది. మా హైదరాబాద్ సిటీ పోలీస్ టీము గురించి చెప్పిన. బొంబాయిల రోవర్స్ కప్పు 1950 నుంచి 54 దాక వరుసగ అయిదు సార్లు గెల్సిన టీము అది. డ్యూరాండ్ కప్పుల మోహన్ బగాన్‌ను ఓడించిన టీము. ఆ పోలీసోళ్లకు ఆట నేర్పింది రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన చేతి కింద ఇండియా 1951ల ఢిల్లీల, 1962ల జకార్తాల ఆసియా బంగారం గెల్సింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో జాగల నిల్సింది. మా సికింద్రాబాద్ అమ్ముగూడ పిలగాడు తులసీదాస్ బలరాం ఆ మెల్బోర్న్ టీముల ఉండె. 1963ల రహీం సాబ్ పోయిండు. ఆయనతోటే మన ఆట మెల్లగ కిందికి దిగింది, రోవర్స్ కప్పు గూడ 2000 సంవత్సరం దాటంగనే ఆగిపోయింది. సౌదీల ఆగిన కప్పును మల్ల లేపిన్రు. మన బొంబాయి కప్పును లేపే నాథుడు లేడు. నాకు దీని మీద ఇప్పటికీ కోపమే.

ఇగ ఇప్పుడు మీరు బస్సెక్కి పోయే ఆ పెద్ద స్టేడియం, కింగ్ అబ్దుల్లా స్పోర్ట్స్ సిటీ, 2014 మే 1 నాడు ఈ కప్పు ఫైనల్ తోటే తెరిచిన్రు. ఆ నాడు అహ్లీ సొంతూర్లనే షబాబ్ చేతుల 3-0 తోటి ఓడింది. సౌదీల ఆడోళ్లు మొదటిసారి స్టేడియంల కూసొని మ్యాచ్ సూసింది గూడ అక్కడనే, 2018 జనవరి 12 నాడు, అహ్లీ, బాతిన్ టీముల మ్యాచ్. ఈ షరఫియాల ముప్పై ఏండ్లు ఇండ్లల్ల టీవీ ముంగటనే సూసిన తల్లులు, అక్కలు ఆ రాత్రి గేటు దాటిపోయిన్రు.

చివరికి నాకు అన్నిటికంటె ఇష్టమైన ముచ్చట చెప్తా. 2019ల బురైదా టీము తావూన్ రియాద్‌ల ఇత్తిహాద్‌ను 2-1తో కొట్టి మొదటిసారి కప్పెత్తుకున్నది. 2021ల ఫైసలీ, అది హర్మా అనే సిన్న ఊరి టీము. అదే తావూన్ మీద 3-2, మూడు గోల్లు జూలియో తవారేస్ ఒక్కడే కొట్టిండు. తర్వాత ఏడు 2022ల ఇదే జిద్దా స్టేడియంల ఫైహా టీము హిలాల్‌ను పెనాల్టీల్ల ఓడించింది. ఫైహాది మజ్మఆ. హర్మాకు పక్కూరే. మా జగిత్యాల దిక్కు కోరుట్ల ఒక ఏడు, మెట్‌పల్లి మరుసటి ఏడు దేశం కప్పు గెల్సినట్టు! హిలాల్ అంటే ఆసియాల పెద్ద టీము, కొనలేని ఆటగాడు లేడు. అసుంటిది ఒక్క రాత్రి ఆటల మజ్మఆ ముందు తలొంచింది. అదే ఏడు ఫైసలీ లీగు నుంచి కింది తరగతికి దిగిపోయింది గూడ. కప్పు గెల్సిన మరుసటి ఏడే. అయినా హర్మా పోరగాని దగ్గర ఆ 2021 ఎవరూ గుంజుకోలేరు.

వెహదా సంగతి అడుగుతరని తెల్సు. మొదటి కప్పు గెల్సిన మక్కా టీము 1966ల ఇంకోటి గెల్సింది, మల్ల లేదు. 2023ల ఫైనల్ దాక ఒచ్చింది, ఈడనే జిద్దాల. హిలాల్ తోటి 1-1, పెనాల్టీల్ల 7-6 తేడాతోటి పోయింది. 2024ల నస్ర్ తరఫున రొనాల్డో గూడ ఇదే స్టేడియంల హిలాల్ చేతుల పెనాల్టీల్ల ఓడి ఏడ్చిండు, అది మీ ఫోన్లల్ల అందరు సూసిన్రు. వెహదా పిలగాండ్లు ఏడ్చింది ఎవరు సూడలే. వచ్చేసారి వెహదా మ్యాచ్ పడ్డప్పుడు నన్ను పిలువున్రి, టికెట్ పైసలు నేనిస్త.