పెద్ద ఇంటి కొలువు: ప్రాచీన ఈజిప్టు రాజగృహోద్యోగులు

విద్యార్థులారా, 'ఫారో' అన్న మాటకు అసలు అర్థం మీకు తెలుసా? ప్రాచీన ఈజిప్టు భాషలో 'పెర్-ఆ' అంటే పెద్ద ఇల్లు. మొదట అది రాజప్రాసాదానికి పేరు. కొత్త రాజ్య యుగంలో గాని అది ఆ ఇంట్లో ఉండే రాజుకు పేరు కాలేదు. మన జమీందారీ గ్రామాల్లో ఇంటినీ అధికారాన్నీ కలిపి 'దివాణం' అన్నట్లే ననుకోండి. ఆ పెద్ద ఇంట్లో ఎవరెవరు, ఎక్కడెక్కడ పనిచేశారో ఇప్పుడు చూద్దాం.

1964లో సక్కారాలో, ఉనాస్ పిరమిడ్‌కు వెళ్ళే రాతిబాట కింద ఒక సమాధి బయటపడింది. అది నియాంఖ్‌ఖ్నుమ్, ఖ్నుమ్‌హోటెప్ అనే ఇద్దరిది. వారి ఉద్యోగం ఏమిటో తెలుసా? రాజుగారి గోళ్ళు తీర్చే పనివారిపై అధికారులు! ఇది చిన్న పని అనుకోకండి. దైవాంశ సంభూతుడుగా భావించే రాజు దేహాన్ని తాకే హక్కు ఎందరికి ఉంటుంది? ఐదవ రాజవంశ కాలానికి చెందిన ప్తాషెప్సెస్ రాజుగారి కేశాలంకరణ చూసే ఉద్యోగం నుంచి ప్రధానమంత్రి పదవికి ఎదిగాడు. నియుసెర్రే రాజు కుమార్తెను పెళ్ళాడాడు. అబూసిర్‌లో అతని సమాధి నేటికీ ఉంది.

అదే తాకిడి ప్రమాదం కూడా. గిజాలోని రావెర్ సమాధిలో దొరికిన శాసనం ఒక చిన్న సంఘటన చెబుతుంది. క్రీ.పూ. 25వ శతాబ్దిలో నెఫెరిర్కారే రాజు పాల్గొన్న ఒక క్రతువులో ఆయన చేతి దండం రావెర్ కాలికి తగిలింది. అతనికి ఏ హానీ కలగకూడదని రాజు వెంటనే పలికాడు. అంతటితో ఆగక, ఆ మాటను అతని సమాధిలో చెక్కించమని ఆజ్ఞాపించాడు. కాలికి కర్ర తగలడం శాసనానికెక్కిందంటే ఆ కొలువు ఎంత సున్నితమైనదో ఊహించండి.

ఇక అంతఃపురం సంగతి. క్రీ.పూ. 1155 ప్రాంతంలో మూడవ రామ్సెస్‌పై కుట్ర జరిగింది. తియ్యె అనే రాణి తన కొడుకు పెంటవేరెను సింహాసనం ఎక్కించాలనుకుంది. అంతఃపుర స్త్రీలు గడప దాటకుండా కుట్ర ఎలా సాగింది? రాజమందిరపు గదుల అధికారి పెబెక్కామెన్ వారి కబుర్లను బయట ఉన్న తల్లులకు, అన్నదమ్ములకు చేరవేశాడు. అంతఃపుర ద్వారం దగ్గరి వారి భార్యలు ఆరుగురు కూడా ఇందులో చేరారు. విచారణ వివరాలు ట్యూరిన్‌లోని పపైరస్ పత్రంలో ఉన్నాయి. నేరస్థుల పేర్లను అందులో కావాలనే వికృతం చేశారు: ఒకడి పేరు 'రే దేవుడు వాణ్ణి ద్వేషిస్తాడు' అని! పేరు చెడితే పరలోకమూ చెడుతుందని వారి నమ్మకం. 2012లో ప్రచురితమైన స్కాన్ పరీక్షలో ఆ రాజు మమ్మీ గొంతుపై లోతైన కోత కనిపించింది.

విచారణకు నియమించిన 12 మందిలో పలువురు రాజుగారి పానీయాలు అందించే ఉద్యోగులే. అంటే ఇంటివారే ఇంటివారిని విచారించారు. ఫలితం? తీర్పరులలో కొందరు నిందిత స్త్రీలతో కలిసి విందు చేసుకుని దొరికిపోయారు. వారికి ముక్కు, చెవులు కోశారు. హోరి అనే ధ్వజవాహకుడు మాత్రం గట్టి మందలింపుతో బయటపడ్డాడు.