ఊరికి పోని రోడ్లు

వాంకూవర్ ద్వీపం పడమటి తీరంలో, అడవిలోకి చీలే కంకర రోడ్ల పక్కన కిలోమీటరు అంకెలే ఉంటాయి. చాలావాటికి ఊరి పేరుండదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి గుంతల్లో పడుతూ లేస్తూ గంటల తరబడి పోతే చివరికి కనిపించేది నరికేసిన మొద్దులు. ఈ రోడ్లు వేసింది మనుషుల కోసం కాదు, కలప కోసం. ఆ అంకెలూ లారీల కోసమే. దుంగల లారీ డ్రైవరు తానెన్నో కిలోమీటరు దగ్గరున్నాడో రేడియోలో చెబుతూ వస్తాడు. మనం విని పక్కకు తప్పుకోవాలి. లోడుతో దిగే బండికి బ్రేకు వేయడం కష్టం.

ఇక్కడ ఏడాదికి మూడు మీటర్లు దాటి వాన పడే లోయలున్నాయి. వెయ్యేళ్ల సీడర్ చెట్లున్నాయి. మొదట్లో ఒడ్డున ఉన్నవి కొట్టి సముద్రంలోకి దొర్లించారు, తర్వాత రైలు వేశారు, రెండో ప్రపంచయుద్ధం తర్వాత లారీలు లోయల చివరిదాకా వెళ్లాయి. చెట్లయిపోతే వంతెనలు పీకి, రోడ్డుకు అడ్డంగా కాలువలు తవ్వుతారు. లేకపోతే వాననీటికి రోడ్డు జారి సాల్మన్ చేపల ఏటిలో పడుతుంది. ఆ కంకరలో ముందుగా ఆల్డర్ మొలుస్తుంది.

ఇవి చూస్తే నాకు మన గూడెం కొండలే గుర్తొస్తాయి. చింతపల్లి వైపు ఘాట్ రోడ్డుకు బాస్టియన్ అనే డిప్యూటీ తాసిల్దారు మన్యం వాళ్లచేత చాలీచాలని కూలికి వెట్టి చేయించాడు. పోడు వద్దన్న సర్కారే అడవిలోకి రోడ్డు కావాలంది. 1922లో అల్లూరి వెంట నడిచినవాళ్ల కడుపుమంటలో ఆ రోడ్డు కూడా ఉంది. లంబసింగి మలుపుల్లో పొగమంచు దిగే వేళ పీల్చిన గాలి ఇక్కడ ఎంత వెతికినా దొరకదు.

ఇక్కడి ఆదివాసులనూ ఎవరూ అడగలేదు. కానీ మియర్స్ ద్వీపంలో ట్లా-ఓ-క్వి-ఆట్ ప్రజలు 1984లో అడ్డం నిలిచారు. తాతముత్తాతలు బెరడు ఒలిచిన మచ్చలు సీడర్ మానుల మీద ఇంకా ఉన్నాయి. కోర్టులో అవే సాక్ష్యం చెప్పాయి. మరుసటి ఏడు నరుకుడు ఆగింది. 1993 వేసవిలో నరుకుడు ఆపాలని క్లాయొక్వాట్ దగ్గర దుంగల రోడ్డు వంతెన మీద కూర్చుని 800 మందికి పైగా అరెస్టయ్యారు. వాళ్ల తెగువకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఊరికి పోయే రోడ్డు ఒకటుంది, బామ్‌ఫీల్డ్‌ది. 70 పైచిలుకు కిలోమీటర్లూ కంకరే ఉండేది. బాగుచేయమని హూ-ఏ-ఆట్ ప్రజలు ఏళ్లుగా అడిగారు. 2019లో బస్సు బోల్తాపడి ఇద్దరు విద్యార్థులు చనిపోయాకే పని కదిలింది, 2023లో పూర్తయింది.